రాతిలోంచి నికెల్ తీసినాయన

అవనిగడ్డ నుంచి పాస్టరుగారు ఫోన్ చేసేసరికి నేను కాలేజీలో ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. గుడివాడలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. తెలియని నంబరు కదా అని మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తితే, "అమ్మా, బందరు ప్లేటింగ్ షెడ్డువాళ్ల చిన్నమ్మాయిగారేనా?" అని అడిగారు. ఔనన్నాను.

"పెద్దాయన ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారమ్మా. సోమవారం. భూస్థాపన కూడా అయిపోయింది. ఆయన పుస్తకం అట్టమీద మీ నంబరు ఉంటే ఇవాళే చూశాం."

నేను వరండాలోకి వచ్చి నిలబడ్డాను. శనివారం ఆదరణ కూడిక పెట్టారట. ఆ రోజున ఆయన గురించి రెండు మాటలు చెబుదామంటే సంఘంలో ఎవరికీ ఏమీ తెలియదట.

"ఏం ఉద్యోగం చేసేవారమ్మా ఆయన?"

"రాతిలోంచి నికెల్ తీసేవారండి."

"అంటే గనిలోనా?"

"కాదండి. గనిలోంచి రాయి బయటికొచ్చాక."

"సరేనమ్మా. మీరు రండి. మీరే చెబుదురుగాని" అన్నారాయన.

లోపలికి వచ్చి పిల్లల బ్యూరెట్ల దగ్గర నిలబడ్డాను గాని ఒక్క రీడింగూ కంటికి ఆనలేదు. ఆయన గురించి రెండు మాటల్లో చెప్పడం నావల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

మా ఇల్లు బందరులో చిలకలపూడి వైపు, గిల్టు నగలు చేసే వీధిలో ఉంది. ఒకింట్లో అచ్చులు పోస్తారు, ఒకింట్లో రాళ్లు అతుకుతారు, ఒకింట్లో పూత వేస్తారు. మాది పూత. ఇత్తడి కమ్మల్ని రాగి తీగకు గుచ్చి ముందు నికెల్ తొట్టిలో ముంచుతారు, ఆ తర్వాతే బంగారు నీళ్లు పట్టిస్తారు. కింద నికెల్ లేకపోతే పైన బంగారం రంగు నిలవదు. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. షెడ్డు పని నాన్నా అక్కా చూసుకునేవాళ్లు. నేను డిగ్రీ చదువుతున్నాను. మేడమీద ఒక గది ఖాళీగా ఉంటే నాన్న అద్దెకి పెట్టాడు. ఆ గదిలోకి వచ్చారాయన.

రెండు ట్రంకు పెట్టెలతో దిగారు. ఒకదాంట్లో బట్టలూ కాగితాలూ. రెండోదాన్ని నాన్నా రిక్షా అతనూ చెరోపక్కా పట్టుకున్నా మెట్లమీదికి లేవలేదు. మూత తీసి చూస్తే నిండా రాళ్లు.

"ఏంటండీ ఇవి?" అన్నాడు నాన్న.

"నా ఉద్యోగమండి" అన్నారాయన. ఒక్కో రాయీ విడిగా చేత్తో పట్టుకుని, పదిహేనుసార్లు మెట్లెక్కి దిగి పైకి చేర్చుకున్నారు.

సొంతూరు దివిసీమలో, అవనిగడ్డకి ఆవల. చదువుకుని ఉత్తరాదిన ఒక గనుల ప్రాంతానికి వెళ్లి, అక్కడి ప్రయోగశాలలోనే దాదాపు ముప్పై ఏళ్లు గడిపారు. పెళ్లి చేసుకోలేదు. ఆ విభాగం మూసేశాక ఇటు వచ్చారు. ఎందుకు మూసేశారని అడిగితే, "పని అయిందండి. గిట్టుబాటు కాలేదు" అనేవారు. రెండు మాటలకీ మధ్య కాస్త ఆగేవారు.

ఆయన పని ఏమిటో తెలుసుకోవాలనుకున్నవాళ్ల చేతిలో ముందు ఒక రాయి పెట్టేవారు. బూడిదరంగు రాయి, అక్కడక్కడ ఇత్తడి పొడి చల్లినట్టు మెరుపు. "ఆ మెరుపులో ఇనుముంది, గంధకముంది. వాటి మధ్యన నికెల్ ఇరుక్కుని ఉంది. ఈ గదినిండా ఇలాంటి రాయి పోస్తే ఏ మూలో కాస్తంత దొరుకుతుంది" అనేవారు. అక్క ఒకసారి పెరట్లో చింతపండుతో ఇత్తడి చెంబు తోముతుంటే పక్కన గొంతుక్కూర్చుని నాకు పాఠం చెప్పారు.

"ఆ గుజ్జు రంగు మారింది చూశావా? చెంబులో రాగి కాస్త అందులోకి దిగింది. పులుపు లోహాన్ని లాగుతుంది. నేను చేసిందీ అదేనమ్మా, ఇంకాస్త పెద్ద పులుపుతో. యాసిడ్‌తో."

"అంతేనా?" అన్నాను.

"అంతే అయితే ముప్పై ఏళ్లెందుకు? ఆ రాతిలో గంధకం నికెల్‌ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఉత్త యాసిడ్‌కి వదలదు. రాయిని పిండి చేసి, యాసిడ్ నీళ్లలో కలిపి, పెద్ద కుక్కర్ లాంటిదాంట్లో మూత బిగించి, ఆక్సిజన్ పంపిస్తూ గంటలకొద్దీ కాగబెట్టాలి. అప్పుడు మెల్లిగా వదులుతుంది. నీళ్లు పచ్చబడతాయి."

"ఏం పచ్చ?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. "మొలిచిన పదో రోజు నారుమడి" అన్నారు చివరికి.

"తొందరపెడితే?"

"తొందరపెట్టకూడదు. తొందరపెడితే నికెల్ రాదు, గ్యాస్ వస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆ వాసన వస్తున్నంతసేపూ మనకి టైముంది. వస్తున్న వాసన ఉన్నట్టుండి పోయిందంటే తగ్గిందని కాదమ్మా. మన ముక్కు చచ్చిపోయిందని. అప్పుడింక పరుగెత్తాలి."

ఆయన ముక్కు అలాగే పోయింది. ఆ సంగతి ఒకే ఒక్కసారి చెప్పారు, అదీ నాన్న అడిగితే. ప్లాంటులో ఎక్కడో గొట్టం లీకైంది. చూడ్డానికి లోపలికెళ్లి ముందు పడిపోయింది ఈయనే. "నన్ను లాగడానికి నా పక్క సీటతను పరుగెత్తుకొచ్చాడు. నేను తలుపు దగ్గర పడ్డాను, నాకు గాలి తగిలింది. అతను నన్ను దాటి ఇంకో రెండడుగులు లోపలికి వేశాడు" అన్నారు. ఆ మాటతో లేచి పైకి వెళ్లిపోయారు.

అప్పటినుంచీ ఆయనకి ఏ వాసనా తెలియదు. పాలు పొంగి మాడిపోతే పొగ కంటికి కనబడ్డాకే లేచేవారు. చేపల బజారుకెళితే గిలకలదిండి నుంచి వచ్చే ఒకామె ఆయన చెయ్యి తోసేసేది. "మీ ముక్కు పన్జెయ్యదు గదా బాబుగారూ, అయి ముట్టుకోకండి, నేనిస్తా" అని బుట్ట అడుగునుంచి తీసి ఇచ్చేది. వీధిలో అందరూ నికెల్‌గారు అనేవాళ్లు. అక్కా నేనూ బాబాయిగారూ అనేవాళ్లం.

ముక్కు లేదు గనక చుట్టూ ఉన్నవాళ్ల ముక్కులమీద ఆధారపడి బతికేవారు. రోజుకి నాలుగైదుసార్లు, గదిలోంచి బయటికి వచ్చినప్పుడల్లా మేడమీది పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి అడిగేవారు: "ఏమన్నా వాసనొస్తోందా అమ్మా?" మొదట్లో నేను నిజంగా గాలి పీల్చి చూసి చెప్పేదాన్ని. పక్కింట్లో లక్కర్ పూత వేస్తున్నారండి, కాలవ కంపండి, ఎవరో ఎండుచేపలు వేపుతున్నారండి, ఇలా. ఆయన ఒక్కోదానికీ తలూపేవారు. రెండేళ్లు గడిచేసరికి, "లేదండీ" అనడం నోటికి అలవాటైపోయింది. ఫ్యాను చప్పుడు చెవికి పట్టనట్టు ఆయన ప్రశ్న కూడా పట్టడం మానేసింది.

ఇంకో సంగతి చెప్పాలి. ఆయన నోట అబద్ధం రాదు. మర్యాదకి కూడా రాదు. అక్క పులుసు పంపించి, ఎలా ఉందండీ అని అడిగితే, "రుచి సగం వాసనే కదమ్మా, నాకు తెలీదు. ఉప్పు మాత్రం సరిపోయింది" అనేవారు. సుమారుగా అన్న మాట ఆయనకి గిట్టదు. నాన్న ఎప్పుడైనా "ఓ పది నిమిషాలు" అంటే, "పదా, పన్నెండా?" అని అడిగేవారు.

ఆయన గడియారానికి గుడ్డ పట్టీ ఉండేది. తాళంచెవులు సంచీలో వేసుకునేవారు. స్టీలు గ్లాసు ముట్టుకోరు, గాజు గ్లాసే. అది చాదస్తమనుకున్నాం. ఒకరోజు అక్క నికెల్ తొట్టి దగ్గర పనిచేస్తూ ఉంటే కరెంటుబిల్లు కాగితం ఇవ్వడానికి షెడ్డులోకి వచ్చారు. అక్క చెయ్యి చాచింది. ఆ చెయ్యి చూసి ఆయన కాగితం ఇవ్వకుండా అలాగే నిలబడిపోయారు. వేళ్ల సందుల్లో చర్మం పగిలి, ఎర్రగా చెమ్మగిల్లి ఉండేది అక్కకి. సబ్బు పడలేదని ఒకరూ, ఉప్పునీళ్లని ఒకరూ అంటూ ఉంటే మేం వేపాకు రాస్తూ ఉన్నాం.

"ఎన్నాళ్లనించమ్మా?"

"మూడేళ్లు అయ్యుంటుందండీ. వానాకాలం ఎక్కువ."

ఆయన తన రెండు చేతులూ వెల్లకిలా తిప్పి చూపించారు. అవే పగుళ్లు, మానిపోయి తెల్లగా గట్టిపడ్డాయి. "ఇది నికెల్. స్టీల్లోనూ ఉంటుంది, అందుకే ముట్టుకోను. ఒకసారి ఒంటికి పడలేదంటే ఇంక జీవితాంతం పడదు. తొట్టిలో చెయ్యి పెట్టకమ్మా."

అక్క నవ్వింది. "పెట్టకపోతే కమ్మలెవరు గుచ్చుతారు బాబాయిగారూ?"

ఆయన మెట్లమీద కూర్చున్నారు. "మేం అక్కడ దాన్ని బయటికి తియ్యడమెలాగా అనే చూశాం. అది ఎక్కడికెళ్తుందో చూళ్లేదు" అన్నారు. అక్కతో అన్నారో తనలో తను అనుకున్నారో తెలియదు.

ఆ తర్వాత నెలరోజులు ఆయనకి అదే పని. రకరకాల గ్లౌజులు తెచ్చారు. దళసరివి వేసుకుంటే చిన్న కమ్మలు వేళ్లకి అందవు, పల్చటివి రాగి తీగకి చిరిగిపోతాయి. వెదురుతో పొడుగాటి చిమటాలు చెక్కారు. ఆయన చూస్తున్నంతసేపూ అక్క వాటితో గుచ్చేది. ఆయన పైకెళ్లగానే పక్కన పెట్టేసేది. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఎందుకంటే చిమటాల చివర్లు ఎప్పుడు చూసినా పొడిగా ఉండేవి. అయినా ఇంకో జత చెక్కి తెచ్చేవారు.

ఆ రోజుల్లోనే, షెడ్డుల నీళ్లు కాలవలోకి వదలకూడదని గట్టిగా చెప్పి వెళ్లారు అధికారులు. ఎవరో సలహా ఇస్తే నాన్న ఆ నీళ్లలో సోడియం సల్ఫైడ్ అనే మందు కలపడం మొదలుపెట్టాడు. పసుప్పచ్చ పెంకుల్లా ఉంటుంది. అది వేస్తే నీళ్లలోని నికెల్ నల్లటి బురదలా అడుగుకి దిగుతుంది, పైన నీళ్లు తేటపడతాయి. నీళ్ల గొడవ తీరింది గాని బురద మిగిలింది. పెరట్లో రేకుల కింద సిమెంటు తొట్టి కట్టించి అందులో పోస్తూ వచ్చాడు. తొట్టి నిండింది. ఆ బురద కాలవలో పారెయ్యకూడదు, చెత్తబండివాడు తీసుకెళ్లడు.

ఒకరోజు విజయవాడ నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. బురద నాకొద్దు, అందులో నికెల్ తీసిస్తే కొంటాను, యాసిడ్ పోస్తే కరుగుతుంది అన్నాడు. నాన్న మొహం విప్పారింది. నికెల్ తియ్యడంలోనే తల నెరిసిన మనిషి తన మేడమీదే ఉన్నాడు మరి. ఆ సాయంత్రమే ఆయన్ని తొట్టి దగ్గరికి తీసుకొచ్చి చూపించాడు.

"ఏం మందు కలిపారు దీంట్లో?" అని అడిగారాయన. నాన్న చెప్పాడు. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

"వద్దండి."

"అదేంటండీ, మీరు చేసిందీ ఇదేగా?"

"ఇదేనండి. ఇదే గంధకం, ఇదే నికెల్. కాని రాతిలో గంధకం గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఈ బురదలో మీరు పోసిన మందు ఇంకా వదులుగా ఉంది. యాసిడ్ తగిలితే గ్యాస్ ఒక్కసారిగా లేస్తుంది. మాకు బిగించిన మూతుండేది, లెక్కప్రకారం ఆక్సిజనుండేది, బయటికి లాగే గొట్టాలుండేవి. మీకు రేకుల పాకుంది."

"కొంచెం కొంచెం పోస్తేనో?"

"వద్దన్నాను." ఆయన గొంతు పెంచగా వినడం నాకదే మొదటిసారి.

నాన్న నొచ్చుకున్నాడు. "ముప్పై ఏళ్లు చేసిన విద్య. మనకెందుకు చెప్తాడులే" అన్నాడు అక్కతో, ఆయన వెళ్లాక. అంతకంటే అర్థం చేసుకోవడానికి నాన్న సిద్ధంగా లేడు. నిండిన తొట్టి రోజూ కళ్లెదుట ఉంది.

ఆయన ఊరుకోలేదు. తెల్లకాగితం మీద ఒక అర్జీ రాశారు. ఈ వీధిలో ఇన్ని తొట్లలో ఫలానా బురద ఉంది, దీనివల్ల ప్రాణాపాయం ఉంది, జాగ్రత్త తెలిసినవాళ్లొచ్చి తీసుకెళ్లాలి అని. ఉతికిన నీలం చొక్కా వేసుకుని విజయవాడ వెళ్లారు. ఒక ఆఫీసులో ఇది మా పరిధి కాదన్నారు. ఇంకో ఆఫీసులో, నీళ్లయితే మాది, బురద కాదన్నారు. నాలుగుసార్లు వెళ్లారు. నాలుగోసారి వచ్చి మెట్లమీద కూర్చుని చెప్పుల పట్టీలు ఊడదీసుకుంటూ, "కాగితం తీసుకున్నారమ్మా. స్టాంపు వేశారు" అన్నారు నాతో. ఆ స్టాంపు కాపీని గోడకి అతికించుకున్నారు. ఎవరూ రాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నేను మెట్ల మొదట్లో కూర్చుని పరీక్షకి చదువుకుంటున్నాను. నాన్న పెరట్లో ఉన్నాడు. అక్క మెట్ల కింద స్టూలుమీద కూర్చుని కమ్మలు గుచ్చుతోంది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. మా వీధిలో ఏదో ఒక కంపు లేని పూట ఉండదు. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని పేజీ తిప్పాను.

పైనుంచి ఆయన అడిగారు. "ఏమన్నా వాసనొస్తోందా అమ్మా?"

"లేదండీ" అన్నాను, తలెత్తకుండానే.

చెప్పులు లోపలికి వెళ్లిన చప్పుడైంది.

ఎంతసేపయిందో తెలియదు. అక్క లేచి పెరట్లోకి వెళ్లింది. "నాన్నా" అని పిలిచింది. మళ్లీ పిలిచింది. ఆ రెండో పిలుపు మధ్యలో తెగిపోయింది. నేను లేచేలోగా ఆయన నా పక్కనుంచి మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ వయసులో అంత వేగంగా ఎలా దిగారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. పెరటి వాకిట్లో అక్క బోర్లా పడి ఉంది. ఆయన ఊపిరి బిగబట్టి, వంగి, రెండు కాళ్లూ పట్టుకుని అక్కని బయటికి ఈడ్చారు. రేకుల కింద తొట్టి మీదికి వాలిపోయి నాన్న ఉన్నాడు. పక్కన యాసిడ్ డబ్బా.

నేను నాన్న దగ్గరికి పరుగెత్తాను. ఆయన నన్ను నడుం దగ్గర పట్టుకుని వెనక్కి విసిరేశారు. పక్క షెడ్డాయన వచ్చాడు, ఇంకో ఇద్దరు వచ్చారు. ఆయన వాకిలికి అడ్డంగా, రెండు చేతులూ ద్వారబంధాలకి ఆనించి నిలబడ్డారు.

"లోపలికెళ్లొద్దు."

"తప్పుకోండి, మనిషి పోతున్నాడు."

"నన్ను కొట్టండి. లోపలికి మాత్రం వెళ్లొద్దు."

పక్క షెడ్డాయన నిజంగానే కొట్టాడు. చెంపమీద. నేను ఆయన గుండెలమీద రెండు చేతుల్తో గుద్దాను. గుద్దుతూనే ఉన్నాను. ఆయన కదల్లేదు. "రేకులు పగలగొట్టండి, గెడలు తెచ్చి పైనుంచి రేకులు పగలగొట్టండి" అంటూనే ఉన్నారు. రేకులు పగిలి, గాలి ఆడి, ఆయన లెక్కపెట్టుకుని సరే అన్నాకే నాన్నని బయటికి తీసుకొచ్చారు. ఆస్పత్రిలో డాక్టరుగారు చూసి, మొదటి ఒకటి రెండు ఊపిరులకే పోయుంటాడమ్మా, ఎవరెళ్లినా లాభం లేదు, వెళ్లినవాళ్లు కూడా పోయేవాళ్లు అని చెప్పారు. అక్క రెండ్రోజులుండి ఇంటికొచ్చింది.

వీధిలోవాళ్లు డాక్టరు మాట నమ్మలేదు. పెద్దాయన అడ్డంపడి ప్రాణం తీశాడన్నారు. భూస్థాపన రోజున ఆయన సమాధుల తోట గేటు బయటే నిలబడ్డారు, ఎవరూ లోపలికి రమ్మనలేదు. నేనూ రమ్మనలేదు. పది రోజులకి గది ఖాళీ చేశారు. ఆ పది రోజుల్లో ఒక్కసారి కూడా పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి ఏమీ అడగలేదు.

అక్క షెడ్డు మూసేసి, చిన్నపిల్లల బళ్లో ఆయాగా చేరింది. నేను పీజీలో చేరాను. గ్యాసుల పాఠం వచ్చినరోజు క్లాసులోంచి లేచి వచ్చేశాను. ఆయన చేసింది తప్పు కాదని పుస్తకంలో ఉంది. అప్పటికి మూడేళ్లయింది.

ఆ వారమే ఆయన సొంతూరు బయల్దేరాను. అవనిగడ్డలో దిగి, ఆటో ఎక్కి, అడిగితే ఇల్లు చూపించారు. చెరువుగట్టున రెండు గదుల ఇల్లు. ఆయన నన్ను చూసి లోపలికెళ్లి గాజు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చారు. కూర్చోమన్నారు. అక్క చేతులెలా ఉన్నాయని అడిగారు. నేను ఊళ్లో బయల్దేరినప్పటినుంచీ వల్లించుకున్న మాటలన్నీ మరిచిపోయి, ఉన్నదున్నట్టు అనేశాను.

"బాబాయిగారూ, ఆ రోజు నాకు వాసనొచ్చిందండీ. మీరు అడిగితే లేదన్నాను."

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటివంకే చూశారు.

"ఆ రోజు నేను అడగలేదమ్మా."

"అడిగారండీ. పైనుంచి అడిగారు."

"లేదు. భోంచేసి పడుకున్నాను."

"మీరు మధ్యాహ్నం పడుకోరు కదండీ."

"ఆ రోజు పడుకున్నాను" అన్నారు. నా కళ్లలోకి చూస్తూనే అన్నారు. "బాగా నిద్రపట్టింది. అక్క పిలుపుకే మెలకువొచ్చింది."

మెట్లు దిగినప్పుడు ఆయన కళ్లకి కళ్లద్దాలున్నాయి, చెవిమీద పెన్సిలుంది. అది నేను చూశాను. అన్నం వండారు, చారు చేశారు. నా పక్కనే కూర్చుని తిన్నారు. బస్సు ఎక్కించడానికి రోడ్డుదాకా వచ్చి, బస్సు కదిలాక కూడా అక్కడే నిలబడ్డారు.

ఆ తర్వాత ఏడాదికి ఒకసారో రెండుసార్లో వెళ్లేదాన్ని. ప్రతిసారీ ఆ మాట ఎత్తుదామనుకునేదాన్ని, ఆయన నా మొహం చూసి ముందే పాఠాల సంగతి అడిగేవారు. పోయినేడు చూపు తగ్గిందన్నారు. ఈ మధ్య ఫోన్ ఎత్తలేదు. పరీక్షలైపోగానే వెళ్దామనుకున్నాను.

శనివారం పొద్దున్నే నేను గుడివాడ నుంచి బందరు వచ్చి, అక్కని తీసుకుని అవనిగడ్డ బస్సెక్కాను. అక్క కిటికీ పక్కన కూర్చుంది. చేతులకి కొబ్బరినూనె రాసుకుని వచ్చింది. బస్సు చల్లపల్లి దాటింది. కూడికలో నేను నాలుగు మాటలు చెప్పాలి, చెప్పేముందు అక్కకైనా తెలియాలి అనిపించింది. ఇన్నేళ్లూ ఒకే కంచంలో తిన్న అక్కకి చెప్పని సంగతి. చెప్పాను. ఆ మధ్యాహ్నం ఆయన అడిగారనీ, నేను లేదన్నాననీ.

అక్క బయటికే చూస్తోంది. పొలాల్లో ఊడ్పులవుతున్నాయి.

"నాకు తెలుసు" అంది. "మెట్ల కింద ఉన్నా కదే. విన్నాను."

నేను అక్క వైపు తిరిగాను.

"ఆయన అడిగింది విన్నాను, నువ్వన్నది విన్నాను. నాకూ వాసనొచ్చింది. నేను చెప్పొచ్చుగా? పెరట్లోకి చూశాను. నాన్న యాసిడ్ డబ్బా పట్టుకుని, నావంక తిరిగి, నోటిమీద వేలు పెట్టుకున్నాడు. ఆయనకి తెలిస్తే ఆపేస్తారని. నేను తల దించుకుని కమ్మలు గుచ్చాను. కాసేపటికి వాసన తగ్గింది. హమ్మయ్య అనుకున్నా."

బస్సు పులిగడ్డ దాటింది. ముందుసీట్లో ఎవరో ఫోన్లో పెద్దగా మాట్లాడుతున్నారు. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. నూనెతో జారిపోతోంది.

"ఆయనకి చెప్పలేదా మరి?" అన్నాను.

"చెప్పాను. గది ఖాళీ చేసిన రోజు, పెట్టెలు దింపుతుంటే చెప్పాను. బాబాయిగారూ, మీరడిగినప్పుడు నేను కిందే ఉన్నానండీ అని."

"ఏమన్నారు?"

అక్క మొహం ఇటు తిప్పింది.

"ఆ రోజు నేనసలు అడగలేదమ్మా, నిద్రపోయాను అన్నారు."

అవనిగడ్డ స్టాండులో బస్సు ఆగింది. అందరూ దిగారు. కండక్టరు వచ్చి, "అమ్మా, ఇదే లాస్టు" అనేదాకా మేమిద్దరం అలాగే కూర్చున్నాం.